మిల్లు గేటు దగ్గర చిన్నకోడలు

రెండో పొయ్యి వెలిగించమని అత్తగారు చెప్పి చాలాసేపయింది. పెద్దకోడలు కదల్లేదు.

అటక మీంచి దింపిన పాత పొయ్యి వంటింటి గుమ్మం పక్కన దుమ్ముకొట్టుకుని అలాగే ఉంది. దాన్ని తుడవడానికి ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

"ఏమ్మా, నీతోనే మాట్లాడుతున్నా," అన్నారు అత్తగారు. "పెద్దోడు చిన్నకోడలి చేతి వంట ముట్టడు. నిన్నా బయటే తిన్నాడు, మొన్నా బయటే తిన్నాడు. ఆవిడ వంట ఆవిడ చేసుకుంటుంది, నువ్వు మాకు వేరే చెయ్యి. ఇందులో అర్థం కానిదేముంది?"

"అంతా అర్థమైంది అత్తయ్యా. చెయ్యను."

"చెయ్యవా?"

"ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు నా చేత్తో వెలిగించను. మీకు అంతగా కావాలంటే మీరే వెలిగించండి. అగ్గిపెట్టె అక్కడే ఉంది."

చిన్నకోడలు కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు. ఈ ఇంట్లో నాలుగు రోజులుగా జరుగుతున్న గొడవంతా ఆమె గురించే. మాట్లాడితే పొగరంటారు. ఊరుకుంటే లెక్కలేనితనం అంటారు. అందుకని తరిగిన ముక్కల్నే మళ్లీ తరుగుతోంది.

"వదినా, ఆ ముక్కలు ఇక చాలేమో. ఇంకాస్త తరిగితే కూర తాగాల్సొస్తుంది," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త. అతను వదినతో అన్నాడు కానీ చూసింది భార్య చేతుల వైపు. స్కూలు బస్సు నడిపే మనిషి. రోజంతా పిల్లల గోల మధ్య తిరిగి తిరిగి, ఎంత గొడవలోనైనా ఒక నవ్వు దొరుకుతుందని అతని నమ్మకం. ఈ ఉదయం దొరకలేదు.

గొడవకి కారణం మున్సిపాలిటీ హాల్లో ఆమె అన్న ఒక్క మాట. 

ఊరికి పైన, గుట్ట వాలులో మూతబడ్డ ఉక్కు మిల్లు ఉంది. దాని ఆవరణంతా కాంక్రీటు. వాన పడితే ఒక్క చుక్క కూడా నేలలోకి ఇంకదు. అంతా కలిసి దిగువన ఉన్న కాలనీ మీదికి పోతుంది. విదేశంలో నగరాల నీటి పారుదల గురించి చదివొచ్చిన చిన్నకోడలు ఇప్పుడు మున్సిపాలిటీలో ఇంజనీరు. ఆ కాంక్రీటు పగలగొట్టి, వాననీళ్లు అక్కడే ఆగి ఇంకేలా నేలని తిరిగి మలచాలని ఆమె పథకం. దాన్ని ఊరి జనం ముందు వివరిస్తుంటే, వెనకనుంచి ఎవరో "మరి మిల్లు మళ్లీ తెరిస్తే?" అని అడిగారు.

"ఆ మిల్లు ఇక తెరుచుకోదండీ," అందామె మైకులో.

మూడో వరసలో ఆమె బావగారు కూర్చుని ఉన్నారు. పాత మిల్లు చొక్కాలు వేసుకుని ఆయన పక్కనే మరికొందరు. మిల్లు మూసిన దగ్గర్నుంచీ గేటు ముందు టెంటు వేసుకుని, తెరిచేదాకా కదలమని కూర్చున్నవాళ్లు. ఆయన లేచారు. ఒక్క మాట అనకుండా బయటికి నడిచారు. ఆయన వెనకే వరసంతా లేచి వెళ్లిపోయింది.

అప్పట్నుంచీ బావగారు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆమెతో అసలు మాట్లాడలేదు.

ఇప్పుడు స్నానం చేసి, అదే మిల్లు చొక్కా వేసుకుని, హాల్లోకి వచ్చి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"తిని వెళ్లు పెద్దోడా," అన్నారు అత్తగారు.

"ఆకలిగా లేదమ్మా."

"ఆకలి ఎందుకుండదు? పరువు పోయినవాడికి ఆకలుండదు." అత్తగారి గొంతు వంటింట్లోకి తిరిగింది. "ఎవరి పుణ్యమా అని విమానం ఎక్కింది? అడ్డుపడ్డది నేను. చిన్నపిల్లని వదిలేసి దేశాలు పట్టుకుని తిరగడమేంటి అన్నాను. అప్పుడు నా నోరు మూయించింది ఎవర్రా పెద్దోడా? నువ్వు కాదూ? పిల్లని రోజూ బడికి మోసుకెళ్లింది నువ్వు కాదూ? ఆ విశ్వాసం ఉందా ఎవరికైనా? నలుగుర్లో నీ నెత్తినే చెయ్యి పెట్టింది!"

కత్తి ఆగిపోయింది. చిన్నకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారు అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఆవిడ గుర్తు చెయ్యక్కర్లేదు కూడా. పరాయి దేశంలో ఆమె తలదాచుకున్న చిన్న గదిలో, చలికి కిటికీ అద్దం మీద పట్టిన చెమ్మని తుడుచుకుంటూ, ఇదంతా రోజూ ఆమె తనకి తానే చెప్పుకునేది.

"అమ్మా!"

బావగారి గొంతు ఇంట్లో అంత గట్టిగా వినపడి ఎన్నాళ్లో అయింది. అత్తగారు గతుక్కుమన్నారు.

"ఆ మాట ఇంకోసారి నీ నోట రాకూడదు," అన్నారాయన. "ఆ అమ్మాయిని నేను చదువుకి పంపింది తిరిగొచ్చి నా మాటకి తలాడించడానికి కాదు. తను చదివింది తను చెప్పింది. నాకు కోపం వచ్చింది. అది నా కోపం. దాని మధ్యలోకి ఆ పాత సంగతులు లాక్కురాకు."

"నీ తరఫున మాట్లాడితే నన్నే అంటావేంట్రా?"

"నా తరఫున ఎవరూ మాట్లాడక్కర్లేదు. ఆ పొయ్యి కూడా తీసి అటకెక్కించండి. చూడ్డానికి అసహ్యంగా ఉంది."

చెప్పులు దొరికాయి. వేసుకుని వెళ్లిపోయారు. భోజనం మాత్రం చెయ్యలేదు.

తర్వాత చిన్నకొడుకు ఆ పొయ్యిని రెండు చేతులా ఎత్తుకుని, "ఎక్కడికి తీసుకెళ్లమంటారు మహారాణీ?" అని తల్లిని అడిగాడు. అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుని, "నా నెత్తి మీద పెట్టు," అన్నారు. అయినా ఆవిడ కోపం అప్పటికే సగానికి దిగింది.

*

వెనక వరండాలో పెద్దకోడలు పిల్లకి జడ వేస్తోంది. సెలవురోజు కాబట్టి తొందరేం లేదు. పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక, తల్లి ఊళ్లో లేనప్పుడు పెద్దమ్మ దగ్గర పడుకోవడం అలవాటు చేసుకుంది. తల్లి తిరిగొచ్చాక కూడా సగం రాత్రులు దిండు పట్టుకుని అటే పోతోంది.

చిన్నకోడలు వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"అమ్మా, పెదనాన్న నీతో కటీఫా?" అంది పిచ్చుక.

"కదలకు. జడ వంకర వస్తుంది," అంది పెద్దమ్మ.

"కటీఫ్ అయితే నేను పెదనాన్నని అడుగుతా. నా మాట వింటాడు."

"నీ మాట వింటాడులే. ముందు నువ్వు నా మాట విను. తల వంచు."

రిబ్బను ముడి పడగానే పిచ్చుక తుర్రుమంది. పెద్దకోడలు దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ కూర్చుంది. ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడవైపే చూస్తున్నారు. ఆకాశం మసకబారుతోంది.

"నువ్వు అన్నది తప్పని నేననను," అంది పెద్దకోడలు చివరికి. "మిల్లు సంగతి నాకు తెలీదా? కానీ ఇంట్లో అనాల్సిన మాట తీసుకెళ్లి ఊళ్లో అన్నావు."

"ఇంట్లోనే చెబుదామనుకున్నా అక్కా. చాలాసార్లు అనుకున్నా. బావగారు ఆ చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే చూసి నోరు రాలేదు."

"ఇంట్లో రాని నోరు మైకు ముందు ఎలా వచ్చింది?"

 

చదువుకున్న చోట తన ప్రొఫెసరు చిన్నకోడలికి గుర్తొచ్చింది. తెల్లజుట్టు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. పాఠం క్లాసులో కంటే కాలవల్లోనే ఎక్కువ చెప్పేది. ఆ ఊరు కూడా ఒకప్పుడు బట్టల మిల్లులతో బతికి, అవి మూతబడ్డాక చతికిలబడ్డదే. "నీళ్లని ఎక్కడికి తోలేద్దామా అని కాదు, ఎక్కడ కూర్చోబెడదామా అని ఆలోచించు," అనేదావిడ. ఒకరోజు ఒక పాత మిల్లు స్థలంలో కట్టిన పార్కు చూపించింది. వాననీళ్లు నిలిచే పల్లం, రెల్లు పొదలు, బల్లలు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. మనిషన్నవాడు ఒక్కడు లేడు.

"దీన్ని గీసింది నేనే," అందావిడ. "నీళ్లు కరెక్టుగా వచ్చి కూర్చున్నాయి. ఇక్కడ పని చేసినవాళ్లు మాత్రం రాలేదు. వాళ్లని అడక్కుండా వాళ్ల మిల్లు తీసేశామని చాలా ఏళ్లు ఈ వీధిలోంచి కూడా నడవలేదు. ఇది నీ పరీక్షలో రాదు. అయినా రాసుకో."

ఆమె రాసుకుంది. పరీక్షలో నిజంగానే రాలేదు. మున్సిపాలిటీ హాల్లో వచ్చింది, అక్కడ ఫెయిలయింది.

"అక్కా, ఒక్కటి చెప్పనా?" అంది. "నేను అక్కడ ధైర్యంగా చదువుకున్నానంటే, పిచ్చుక నీ పక్కలో ఉందన్న ధైర్యమే. జ్వరం వచ్చిన రోజు నువ్వు నాకు చెప్పలేదు. తగ్గాక చెప్పావు."

"చెబితే ఏం చేసేదానివి? పరీక్ష వదిలేసి ఏడుస్తూ కూర్చునేదానివి."

"నీ రుణం ఎలా..."

"ఇదిగో, ఆ థాంకులూ గీంకులూ నాకొద్దు." పెద్దకోడలు దువ్వెన పక్కన పెట్టింది. ఆమె గొంతు మాత్రం మెత్తబడింది. "అది నా పక్కలో పడుకుంటే నాకెంత హాయిగా ఉండేదో నీకు తెలీదు. నాకు లేని బిడ్డని కొన్నాళ్లు ఇచ్చి వెళ్లావు. ఇప్పుడు నువ్వొచ్చావు కదా అని రాత్రిళ్లు దాన్ని వెనక్కి పంపాలని చూస్తాను. చెయ్యి రాదు."

చిన్నకోడలు ఆ చేతిని తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. మొదటి చినుకు మెట్టు మీద పడింది. రెండోది కాస్త లావుగా పడింది.

"వాన," అంది పెద్దకోడలు.

"మిల్లు గేటు దగ్గర మా గుంట ఉందక్కా. దానికిదే మొదటి వాన." చిన్నకోడలు లేచింది.

"గొడుగు!" అని వెనక నుంచి కేక వినపడింది. అప్పటికే ఆమె వీధి మలుపు దాటింది.

*

మిల్లు లోపల తవ్వడానికి అనుమతి ఇంకా రాలేదు. అందుకని మచ్చుకి, గేటు బయట ప్రహరీ వెంబడి రోడ్డు కాంక్రీటు కొంతమేర పగలగొట్టించి, కింద కంకర, పైన ఇసుక కలిపిన మట్టి వేయించి, రెల్లు నాటించింది చిన్నకోడలు. టెంటులో వాళ్లు దానికి "ఇంజనీరమ్మ గొయ్యి" అని పేరు పెట్టారు. "రాత్రిపూట చూసుకుని నడవండ్రా, ఇంజనీరమ్మ గొయ్యిలో పడతారు," అని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు బావగారి చెవిన పడుతూనే ఉండేది. ఆయన నవ్వేవారు కాదు, ఆపేవారూ కాదు.

ఆమె వెళ్లేసరికి వాన కుండపోతగా ఉంది. రోడ్డు మీది నీళ్లన్నీ అటే వస్తున్నాయి కానీ గుంటలోకి దిగడం లేదు. నీళ్లు లోపలికి పోయే చోట పెట్టిన ఇనుప జాలీకి చెత్త అడ్డం పడింది. ఇంకాసేపు ఇలాగే ఉంటే పొంగి రోడ్డెక్కుతుంది. టెంటులోంచి అందరూ చూస్తూనే ఉన్నారు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో లాగడం మొదలుపెట్టింది. ఆకులు, కవర్లు, కాగితం టీ కప్పులు. ఎన్ని తీసినా కప్పులు వస్తూనే ఉన్నాయి.

పక్కన ఇంకో రెండు చేతులు నీళ్లలోకి దిగాయి.

"మావే," అన్నారు బావగారు. "ఈ కప్పులన్నీ మా టెంటువే."

ఇద్దరూ కలిసి జాలీ మొత్తం శుభ్రం చేశారు. ఒక్కసారిగా గుడగుడమని నీళ్లు లోపలికి దూకాయి. గుంట నిండింది. అంచుదాకా వచ్చింది. నీళ్లు కాసేపు అక్కడే నిలిచాయి. తర్వాత మెల్లగా, కంటికి తెలిసీ తెలియనట్టు, రెల్లు మొదళ్లు మళ్లీ పైకి కనపడటం మొదలైంది. ఎప్పుడు వానొచ్చినా మోకాల్లోతు నిలిచే ఆ మలుపులో ఇప్పుడు రోడ్డు తడిసి ఉందంతే.

"దిగిపోతున్నాయే," అన్నారు బావగారు.

"దిగుతున్నాయి బావగారూ. కానీ ఇవి బయటి నీళ్లే." ఆమె గేటు కింద నుంచి పారుతున్న మురికి ఎర్రనీళ్లు చూపించింది. "లోపలివి ఇంకా కాలనీకే పోతున్నాయి."

ఆయన ఆ నీళ్లనే చూస్తూ నిలబడ్డారు. వాన ఆయన చొక్కాని ఒంటికి అంటుకునేలా తడిపేసింది.

"లోపల కూడా ఇలా చేస్తే, మావాళ్లకి పనుంటుందా?"

"ఉంటుంది. తవ్వడానికి, కట్టడానికి, తర్వాత చూసుకోవడానికి మనుషులు కావాలి." ఇక్కడ ఆపేస్తే బాగుండేది. ఆపలేదు. "కానీ అందరికీ ఉండదు. మిల్లులో ఉన్నంతమందికి ఎప్పటికీ ఉండదు."

"ఊఁ."

"నేను మిమ్మల్ని క్షమించమని అడగను బావగారూ. మిల్లు తెరుచుకోదన్నది నిజం. కానీ మీకు ఇంట్లో ముందు చెప్పకుండా అక్కడ అన్నాను చూడండి, అది తప్పు. చాలా పెద్ద తప్పు."

"తెరుచుకోదని నాకు తెలీదనుకున్నావా?"

ఆమె తల ఎత్తి చూసింది.

"ఆ లోపల ఏముందమ్మా? యంత్రాలన్నీ విప్పి లారీలకెత్తారు. నా క్రేను కూడా. ఎన్నేళ్లు దాని మీద కూర్చున్నాను! పైనుంచి చూస్తే వీళ్లందరి బట్టతలలూ నాకే ముందు తెలిసేవి. దాన్ని ముక్కలు కోసి మోసుకెళ్తుంటే ఇదే గేటు దగ్గర నిలబడి చూశాను." ఆయన టెంటు వైపు చూశారు. "వాళ్లకి పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, చొక్కా వేసుకుని వెళ్లడానికి ఒక చోటు కావాలి. మేం కాపలా కాస్తోంది మిల్లుని కాదు, ఆ చోటుని. నువ్వు దాన్ని ఒక్క మాటతో తీసేశావు. నాకు కోపం వచ్చింది అందుకు."

చిన్నకోడలి చేతులకంటిన బురద వానే కడుగుతోంది. ఇన్నాళ్లూ ఈయన ఒక ఆశని పట్టుకుని ఉన్నారనుకుంది. ఆశ లేదని తెలిసి కూడా పదిమంది కోసం రోజూ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారని ఇప్పుడే తెలిసింది. తనని చదువుకి పంపిన రోజున కూడా ఈయన ఇలాగే, తన కోసం ఏమీ అడగకుండా నిలబడ్డారు.

"బావగారూ, మీరు నాకు..."

"వద్దు," అన్నారాయన వెంటనే. "ఆ సంగతి ఎత్తావంటే మా అమ్మకీ నీకూ తేడా లేదు."

ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయామెకి. 

"పద," అన్నారు. "లోపలికి రా."

"టెంటులోకా? నేనా?"

"హాల్లో అన్నావుగా. అక్కడ అన్న మాట ఇక్కడ మళ్లీ అను. మైకు లేకుండా, కూర్చుని, వాళ్ల మొహాలు చూసి. ఎంతమందికి పనుంటుందో, ఎంతమందికి ఉండదో, అదీ చెప్పు. దాచకు."

టెంటులో చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు, పైన ఒక చోట కారుతుంటే కింద పెట్టిన బకెట్టు. ఆమె లోపలికి అడుగుపెట్టగానే మాటలన్నీ ఆగిపోయాయి. బకెట్టులో చుక్కలు పడే చప్పుడొక్కటే. ఎవరో కుర్చీ జరపబోయారు, పక్కవాడి చూపుకి ఆపేశారు. బావగారు చాప మీద కూర్చుని, పక్కన చోటు చూపించారు. ఆమె తడిబట్టలతోనే కూర్చుంది.

కొలిమి దగ్గర పని చేసిన పెద్దాయన, కనుబొమలు కాలి మళ్లీ సరిగా మొలవని మనిషి, ఆమెని తేరిపార చూశాడు.

"ముందొకటి చెప్పమ్మా," అన్నాడు. "ఇప్పుడు నువ్వొచ్చింది ఎవరి తరఫున? మున్సిపాలిటీ తరఫునా?"

ఆమె నోరు తెరిచేలోపే జవాబు వచ్చింది.

"మా ఇంటి తరఫున," అన్నారు బావగారు.

కొలిమి పెద్దాయన ఆయన వైపు చాలాసేపు చూశాడు. "అయితే నువ్వూ అటువైపేనన్నమాట," అని లేచి, తన చాప చుట్టి చంకలో పెట్టుకుని, వానలోకి నడిచాడు. అతని వెనక ఇంకొకరు లేచారు. ఆ వెనక మరొకరు.

బావగారు వెళ్తున్నవాళ్ల వైపు తల తిప్పలేదు. మిగిలినవాళ్ల వైపు జరిగి కూర్చున్నారు.

"ఊఁ, చెప్పమ్మా," అన్నారు.